మూడో తాడు

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ అంటే మనలో చాలామందికి మధ్యాహ్నపు కునుకు. ఉక్కు కడ్డీని మెషీన్‌లో బిగిస్తారు, రెండు వైపులా లాగుతారు, అది మధ్యలో సన్నబడి సన్నబడి చివరికి టప్పుమని తెగుతుంది. మనం ఉలిక్కిపడి లేచి రీడింగ్ రాసుకుంటాం. నిజం చెప్పాలంటే పక్కవాడి రికార్డు చూసి రాసుకుంటాం. ఆ ల్యాబ్ మీద నాకు మొదటిసారి ఆసక్తి పుట్టించింది ఉక్కు కడ్డీ కాదు, ఓ తాడు ముక్క.

అది స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ అనే ఊరి మ్యూజియంలో, గాజు పెట్టెలో ఉంది. నేను చూసింది ఫొటోలోనే లెండి. మన హాస్టల్ వరండాలో బట్టలారేసుకునే తాడు లాంటిదే. ఒక చివర తెగిపోయి పీచులు లేచి ఉంటుంది. 1865 జూలై 14 మధ్యాహ్నం అది తెగినప్పుడు దానికి అటువైపు నలుగురు, ఇటువైపు ముగ్గురు ఉన్నారు. అటువైపు వాళ్ళెవరూ బతకలేదు. ఇటువైపు ముగ్గురిలో ఒకడిదే ఆ తాడు. పేరు ఎడ్వర్డ్ వింపర్. ఆయన గురించి చదువుతూ పోతే నాకు నా సొంత తప్పు ఒకటి గుర్తొచ్చింది. అది తర్వాత చెప్తాను.

వింపర్ 1840 ఏప్రిల్ 27న లండన్‌లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో రెండోవాడు. తండ్రి చెక్క మీద బొమ్మలు చెక్కే పనివాడు. పుస్తకాల్లో ఫొటోలు వేయడం ఇంకా రాని రోజులవి. బొమ్మ కావాలంటే ఎవరో ఒకరు గట్టి చెక్క దిమ్మ మీద దాన్ని తిరగేసి చెక్కాలి, దానికి సిరా పూసి కాగితం మీద అద్దాలి. కుర్రాడు చిన్నప్పుడే బడి మానేసి తండ్రి దగ్గర ఆ పనికి కుదిరాడు. రోజంతా దిమ్మ మీద వంగి కూర్చోవడం, మనసులో మాత్రం ధ్రువ ప్రాంతాలకి వెళ్ళిపోవాలని కలలు. 1860లో విలియం లాంగ్‌మన్ అనే ప్రచురణకర్త ఆల్ప్స్ పర్వతాల బొమ్మలు గీసుకురమ్మని పంపించాడు. అప్పటికి వింపర్‌కి 20 ఏళ్ళు, కొండలెక్కిన అనుభవం సున్నా. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే ఒక ఫ్రీలాన్స్ ప్రాజెక్ట్ మీద వెళ్ళి అక్కడే జీవితం ఇరుక్కుపోయినవాడన్నమాట.

ఇరికించింది మాటర్‌హార్న్. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దు మీద 4,478 మీటర్ల ఎత్తున, ఎవరో ఉలితో చెక్కినట్టు నిటారుగా నిలబడి ఉంటుంది. అప్పటిదాకా ఎవరూ ఎక్కలేదు. శిఖరం మీద శిథిల నగరం ఉందని, అందులో దయ్యాలుంటాయని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నమ్మేవారు. వింపర్ 1861 నుంచి చాలాసార్లు ఎండాకాలంలో వెళ్ళి ఇటలీ వైపు నుంచి ప్రయత్నించేవాడు, ఓడిపోయి వచ్చేవాడు. ఆ ప్రయత్నాల్లో కొన్నిటికి తోడు జాఁ ఆంత్వాన్ కారెల్ అనే ఇటలీ గైడు. సైన్యంలో పనిచేసినవాడు, పొగరున్నవాడు, ఆ కొండ తనదని అనుకునేవాడు. వీళ్ళిద్దరిదీ సగం స్నేహం, సగం పోటీ.

1862 జూలైలో వింపర్ ఒంటరిగా ఎక్కాడు. ఒంటరిగా కొండకి వెళ్ళకూడదనేది మొదటి పాఠం కదా, దాన్నే దాటేశాడు. ఎక్కడం బాగానే ఎక్కాడు. దిగేటప్పుడు, అంతకుముందు మంచులో తవ్వుకున్న మెట్లు ఎండకి కరిగిపోయిన ఒక మూల దగ్గర కాలు జారింది. రాళ్ళ మీద, మంచు మీద ఏడెనిమిది సార్లు ఎగిరెగిరి పడుతూ దాదాపు 200 అడుగులు కిందికి పోయాడు. ఇంకాస్త జారితే కింద హిమానీనదం దాకా ఏ అడ్డూ లేదు. ఆ అంచున ఆగాడు. తల పగిలి రక్తం ధారగా కారుతుంటే మంచు ముద్ద తీసి గాయానికి అదిమాడు, పాక్కుంటూ ఓ రాతి చాటుకి చేరి స్పృహ తప్పిపోయాడు. లేచేసరికి పొద్దుగూకుతోంది. చీకట్లో మరో 4,700 అడుగులు దిగి ఊరు చేరాడు. సత్రంవాళ్ళు గాయాల మీద వేడి ద్రాక్షసారాలో ఉప్పు కలిపి రుద్దారట. మన పసుపు ఎంత దయగలదో అప్పుడర్థమైంది నాకు. నాలుగైదు రోజుల్లో కట్లు కట్టుకుని మళ్ళీ అదే కొండకి పోయాడీ మనిషి.

దీన్నిబట్టి ఆయన మొండి సాహసి మాత్రమే అనుకుంటే పొరపాటు. చేతిపనివాడి బుర్ర ఆయనది. నలుగురు పడుకునే తేలికపాటి డేరా ఒకటి సొంతంగా డిజైన్ చేశాడు. ఆ నమూనా ఎంత బాగా కుదిరిందంటే 1920ల్లో ఎవరెస్ట్ యాత్రల్లో కూడా వింపర్ డేరాలు వాడారు. దిగేటప్పుడు రాతికి తగిలించిన తాడుని కిందనుంచే విడిపించి లాక్కునేందుకు ఒక ఇనప రింగు పద్ధతి కనిపెట్టాడు. తాడు ఎలా వాడాలనే దాని మీద తన పుస్తకంలో పేజీలకి పేజీలు రాశాడు. ఇద్దరి మధ్య తాడు వదులుగా వేలాడకూడదు, దాదాపు బిగువుగా ఉండాలి, అప్పుడే ఒకడు జారితే ఆ జారడం మొదట్లోనే ఆగుతుంది అనేది ఆయన పట్టుదల. కొండ మీద రాళ్ళు పడే తీరు కూడా అనుభవం మీద నేర్చుకున్నాడు. రాత్రి గడ్డకట్టిన మంచు పగుళ్ళలో రాళ్ళని పట్టి ఉంచుతుంది, ఎండ తగలగానే వదిలేస్తుంది. 1865 జూన్‌లో మాటర్‌హార్న్ మీద ఒక సన్నటి లోయలోంచి ఎక్కుతుండగా పైనుంచి బండలు దొర్లుకుంటూ వచ్చాయి. అందరూ రాళ్ళ చాటున నక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వింపర్ ఇంకాస్త చూద్దామన్నా గైడ్లు ఒప్పుకోలేదు. అక్కడి నుంచి వెనక్కి వచ్చేశారు.

తాళ్ళ సంగతి కూడా అప్పటికి గాలికి వదిలేసిన విషయం కాదు. లండన్‌లోని ఆల్పైన్ క్లబ్ 1864లో ఒక కమిటీ వేసి, మార్కెట్లో దొరికే తాళ్ళకి బరువులు కట్టి పై నుంచి పడేసి పరీక్షించింది. మనం ల్యాబ్‌లో చేసేదే అనుకోండి, కాకపోతే వాళ్ళు రీడింగులు నిజంగా తీసుకున్నారు. పాసైన వాటిలో మనీలా తాడు ఒకటి. అరటి జాతి మొక్క నారతో పేనుతారు. మరుసటి ఏడాది మాటర్‌హార్న్‌కి వింపర్ మూడు రకాల తాళ్ళు పట్టుకెళ్ళాడు. మొదటిది ఆ మనీలా తాడు, 200 అడుగులు. రెండోది దానికంటే లావుది, 150 అడుగులు. మూడోది క్లబ్ తాడు రాకముందు వాడిన పాత సన్న తాడు, 200 అడుగులకి పైనే. ఆ మూడోది మనుషుల్ని కట్టడానికి కాదు, అవసరమైతే రాళ్ళకి కట్టి వదిలేసి రావడానికి.

జూలై రెండో వారంలో అన్నీ హడావుడిగా జరిగిపోయాయి. కారెల్‌ని ఇటలీవాళ్ళు తమ దేశం తరఫున రహస్యంగా కుదుర్చుకున్నారని, వాళ్ళ బృందం అప్పుడే కొండకి బయల్దేరిందని వింపర్‌కి తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. అక్కడ కలిసిన 18 ఏళ్ళ లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్‌ని వెంటబెట్టుకుని కనుమ దాటి స్విట్జర్లాండ్ వైపు జెర్మాట్‌కి పరిగెత్తాడు. అక్కడ చూస్తే చార్లెస్ హడ్సన్ అనే ఫాదరీ అదే కొండకి సిద్ధమవుతున్నాడు. ఆయన గైడు చామొనీకి చెందిన మిషెల్ క్రోజ్, అంతకుముందు వింపర్‌తో ఎన్నో శిఖరాలెక్కినవాడు. ఇద్దరూ విడివిడిగా పోటీ పడటం దేనికని ఒక్క సాయంత్రంలో రెండు గుంపులూ ఒకటైపోయాయి. మనం సెమిస్టర్ చివర్లో ప్రాజెక్ట్ బ్యాచ్‌లు కలిపేసుకుంటామే, అలాగ.

హడ్సన్‌తో 19 ఏళ్ళ కుర్రాడొకడున్నాడు, హాడో. ఆల్ప్స్‌లో అదే మొదటి ఏడాది. వింపర్‌కి అనుమానం వచ్చింది, ఇతనికి అనుభవం ఉందా అని హడ్సన్‌ని అడిగాడు. మోంట్ బ్లాంక్‌ని చాలామంది కంటే త్వరగా ఎక్కేశాడని హడ్సన్ జవాబిచ్చాడు. వింపర్ ఇంకో ఒకటి రెండు ప్రశ్నలడిగి ఊరుకున్నాడు.

ఇక్కడే నేను చదవడం ఆపేశాను. పోయిన డిసెంబర్‌లో మేం ఆరుగురం కాలేజీకి దగ్గర్లో ఉన్న గుట్ట ఎక్కడానికి పోయాం. గుంపులో పెద్దవాణ్ణి నేనే. ఫస్టియర్ తమ్ముడొకడు అరిగిపోయిన కాన్వాస్ షూస్‌తో వచ్చాడు. వీడు ఎక్కగలడా అని వాడి రూమ్మేట్‌ని అడిగాను. రోజూ పొద్దున్నే గ్రౌండ్‌లో ఐదు కిలోమీటర్లు పరిగెడతాడు అన్నా అని వాడు చెప్పాడు. నేను సరేనన్నాను. పరుగుకీ, బండ మీద పట్టుకీ సంబంధం ఏంటని ఆ క్షణం నాకు తట్టలేదు. దిగేటప్పుడు నున్నటి రాయి మీద వాడి కాలు జారింది, చెయ్యి కింద పెట్టి పడ్డాడు, మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఇంటర్నల్స్ ఎడమ చేత్తో రాశాడు. వాళ్ళమ్మగారు ఫోన్ చేసినప్పుడు వాడే నన్ను వెనకేసుకొచ్చాడు, నా తప్పేం లేదన్నాడు. అది ఇంకా బాధగా అనిపించింది. నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను. సరైన జవాబు రాకపోయినా వచ్చినట్టు సర్దుకున్నాను. అప్పటికే ఆటో మాట్లాడేశాం, టిఫిన్లు కట్టించేశాం, వద్దు నువ్వు ఉండిపో అనడానికి మొహమాటం. జెర్మాట్‌లో ఆ సాయంత్రం వింపర్‌కి ఉన్న తొందర ఇంకా పెద్దది. కారెల్ అప్పటికే కొండ మీదున్నాడు.

జూలై 13 పొద్దున ఐదున్నరకి బయల్దేరారు. నలుగురు ఇంగ్లీషువాళ్ళు, క్రోజ్, జెర్మాట్‌కి చెందిన పీటర్ టౌగ్వాల్డర్ అనే పెద్ద గైడు, ఆయన కొడుకు. అందరూ భయపడ్డ స్విస్ వైపు దారి దగ్గరికెళ్ళి చూస్తే అనుకున్నదానికంటే తేలిక. 14న మధ్యాహ్నం 1.40కి శిఖరం మీదున్నారు. మంచు మీద ఎవరి అడుగులూ లేవు. ఇటలీ వైపు తొంగిచూస్తే చాలా కింద కారెల్ గుంపు చుక్కల్లా కనిపించింది. వీళ్ళు కేకలేశారు, వినబడలేదేమోనని రాళ్ళు కూడా దొర్లించారు. కారెల్ వెనుదిరిగాడు. విజయగర్వంలో చేసిన ఆ పని నాకు అస్సలు నచ్చలేదు. కింద మనుషులుండగా రాయి దొర్లించడం ఏ కొండ మీదైనా తప్పే, రాళ్ళ దెబ్బ రుచి తెలిసిన వింపర్‌కి మరీను.

ఒక గంట పైన గడిపారు. అసలు విషయం ఆ గంట చివర్లో ఉంది. దిగేటప్పుడు కష్టమైన చోట రాళ్ళకి తాడు కట్టి దాన్ని పట్టుకుని దిగుదామని వింపర్ హడ్సన్‌తో అన్నాడు. హడ్సన్ బాగుందన్నాడు. కానీ చేద్దాం అని ఖాయంగా అనుకోలేదు. వింపర్ శిఖరం బొమ్మ గీసుకుంటూ కూర్చున్నాడు. ఈలోగా మిగతావాళ్ళు తాళ్ళు కట్టుకుని వరసలో నిలబడ్డారు. ఇంతలో మన పేర్లు రాసి సీసాలో పెట్టలేదని ఎవరికో గుర్తొచ్చింది. వింపర్ పేర్లు రాస్తుండగా వాళ్ళు కదిలారు. ఎవరికి ఏ తాడు కట్టారో ఆయన చూడలేదు. మన గ్రూప్ ఫొటోల గొడవ లాంటిదే ఇది.

ముందు క్రోజ్, తర్వాత హాడో, హడ్సన్, డగ్లస్, పెద్ద టౌగ్వాల్డర్. వింపర్, చిన్న టౌగ్వాల్డర్ వెనక విడిగా వస్తున్నారు. మూడు గంటల ప్రాంతంలో డగ్లస్‌కి భయమేసింది. ఎవరైనా జారితే పెద్దాయన ఒక్కడే ఆపలేడేమో, మీరూ ఈ తాడుకి కట్టుకోండని వింపర్‌ని అడిగాడు. 18 ఏళ్ళ కుర్రాడు సరిగ్గా ఊహించాడు. వింపర్ కట్టుకున్నాడు. కొద్ది నిమిషాలకే అది జరిగింది. హాడోకి అడుగు నిలవడం లేదు. క్రోజ్ తన మంచుగొడ్డలి పక్కన పెట్టి, రెండు చేతుల్తో అతని పాదాలు పట్టుకుని ఒక్కొక్కటే రాతి మీద పెడుతూ దింపుతున్నాడు. క్రోజ్ తన అడుగు వేయడానికి అటు తిరుగుతుండగా హాడో జారి అతని మీద పడ్డాడు. ఇద్దరూ జారారు, వాళ్ళ బరువు హడ్సన్‌ని లాగింది, వెంటనే డగ్లస్‌ని లాగింది. పైనున్న పెద్ద టౌగ్వాల్డర్, వింపర్ కాళ్ళు తన్నిపెట్టి బిగబట్టారు. తాడు బిగుసుకుంది, డగ్లస్‌కీ పెద్దాయనకీ మధ్య గాల్లో తెగింది. నలుగురూ దాదాపు 4,000 అడుగుల కింద హిమానీనదం మీద పడ్డారు.

మిగిలిన ముగ్గురూ అరగంట సేపు కదల్లేకపోయారు. తర్వాత రాళ్ళకి తాళ్ళు కట్టుకుంటూ, వాటిని కోసి వదిలేస్తూ దిగారు. పైన ఖాయం చేసుకోకుండా వదిలేసిన పని ఇదే. కాస్త స్థిమితపడ్డాక వింపర్ తెగిన తాడు చేతిలోకి తీసుకుని చూశాడు. మూడోది. మంచి తాడు ఇంకా చాలా మిగిలుండగా ఆ ఒక్క చోట పాతది కట్టారు.

ఇక్కడ మన సిలబస్ కొంచెం. బరువుని మెల్లగా వేలాడదీస్తే తాడులో ఎంత స్ట్రెస్ వస్తుందో, అదే బరువుని ఒక్కసారిగా వదిలితే దానికి రెట్టింపు వస్తుంది. కొంత ఎత్తు నుంచి పడేస్తే ఇంకా ఎక్కువ. లెక్క మనందరం పరీక్షలో చేసిందే. పడేవాడి శక్తిని తాడు సాగి మింగేయాలి, సాగకపోతే తెగాలి, లేదా పట్టుకున్నవాణ్ణి లాగేయాలి. నార తాళ్ళు పెద్దగా సాగవు. నైలాన్ వచ్చాకే ఈ కథ మారింది. ఇవాళ పర్వతారోహణకి అమ్మే సింగిల్ తాడు, 80 కిలోల బరువు భారీగా పడే పరీక్షని కనీసం 5 సార్లు తట్టుకోవాలి, మొదటిసారి పడినప్పుడు తగిలే బలం 12 కిలోన్యూటన్లు దాటకూడదు. అందుకే బావి తాడు, టెంట్‌హౌస్ తాడు ఎంత లావున్నా కొండకి పనికిరావు. లావు కాదు, సాగుడు చూడాలి. 1865లో నడుముకి కట్టిన తాడే తప్ప ఇప్పటి హార్నెస్ లేదు, రాతికి బిగించిన ఆధారం లేదు. కాబట్టి మంచి తాడుండి తెగకపోతే ఏడుగురూ పోయేవారని వాదించేవాళ్ళు ఉన్నారు. ఆ వాదన కొట్టిపారేయలేం.

జెర్మాట్‌లో విచారణ జరిగింది. పెద్ద టౌగ్వాల్డర్ తన ప్రాణం కోసం తాడు కోసేశాడని పుకారు. కోయలేదని వింపరే గట్టిగా చెప్పాడు, విచారణలోనూ ఆయన నిర్దోషిగా తేలాడు. అయితే బలహీనమైన తాడు తన ముందే ఎందుకు కట్టుకున్నాడో అనే అనుమానపు మాట కూడా వింపర్ రాతల్లోనే ఉంది. ఆ మాట ముసలాయన్ని చచ్చేదాకా వదల్లేదు. ఊళ్ళో ఉండలేక కొన్నాళ్ళు అమెరికా వెళ్ళిపోయాడు. నాకు వింపర్ అంటే ఎంత ఇష్టమైనా ఈ విషయంలో క్షమించబుద్ధి కాదు. తాళ్ళు ఆయనవి. ఏది దేనికో తెలిసింది ఆయనకి. ముడులు వేస్తున్నప్పుడు బొమ్మ గీసుకుంటున్నదీ ఆయనే. మా గుట్ట సంగతిలో నేను కూడా కొన్నాళ్ళు ఆ రూమ్మేట్‌దే తప్పని చెప్పుకుని తిరిగాను, అందుకే ఈ అతితెలివి గుర్తుపట్టగలను.

తర్వాత ఆయన గ్రీన్‌లాండ్ వెళ్ళాడు, 1871లో ఆల్ప్స్ అనుభవాలన్నీ సొంత బొమ్మలతో పుస్తకంగా వేశాడు. నాకు బాగా నచ్చేది మాత్రం ఈక్వడార్ యాత్ర. ఈసారి వెంట వచ్చింది ఎవరనుకున్నారు, పాత ప్రత్యర్థి కారెల్, అతని బంధువు లూయీ. ఉద్దేశం శిఖరాల కంటే శాస్త్రం. ఎత్తుకి వెళ్తే మనిషికి ఏమవుతుందో తమ ఒంటి మీదే చూడాలని. చింబొరాజో పర్వతం మీద సుమారు 16,600 అడుగుల దగ్గర డేరా వేసిన రాత్రే ముగ్గురూ పడిపోయారు. తలనొప్పి, జ్వరం, నోరు తెరిచి ఊపిరి పీల్చుకోవడం. ఆల్ప్స్‌లో ఆరితేరిన ముగ్గురు ఇలా మూలుగుతుంటే, వాళ్ళ వెంట వచ్చిన ఈక్వడార్ నివాసి, కొండలతో పరిచయం లేనివాడు, సుబ్బరంగా తిరుగుతున్నాడు. తొందరపడకుండా ఆగారు, ఒళ్ళు అలవాటు పడింది. 1880 జనవరి 4న శిఖరం చేరారు. అంతకుముందు ఎవరూ ఎక్కలేదు దాన్ని. దిగాక చూస్తే లూయీ పాదాలు మంచుకి దెబ్బతిన్నాయి, వారాల తరబడి నడవలేకపోయాడు. కారెల్ పదేళ్ళ తర్వాత, 1890లో, తుపానులో చిక్కుకున్న తన యాత్రికుణ్ణి మాటర్‌హార్న్ నుంచి క్షేమంగా కిందికి దింపి, కొండ పాదం దగ్గర అలసటతో ప్రాణం వదిలాడు.

వింపర్ ముసలితనం ఒంటరిగా గడిచింది. మేజిక్ లాంతరు బొమ్మలతో ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాడు, చామొనీకి, జెర్మాట్‌కి యాత్రికుల గైడుబుక్కులు రాశాడు. 66వ ఏట పెళ్ళి, ఒక కూతురు. ఆ కాపురమూ నిలవలేదు. 1911 సెప్టెంబర్‌లో చామొనీలో హోటల్ గదిలో జబ్బుపడి, తలుపు గడియ వేసుకుని వైద్యుణ్ణి వద్దన్నాడు. 16న పోయాడు. అక్కడే సమాధి. హాడో, హడ్సన్, క్రోజ్ శవాలు దొరికాయి. డగ్లస్ ఇప్పటికీ దొరకలేదు.

వచ్చే నెల మా గుంపు భువనగిరికి వెళ్తోంది. మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు సాధన చేసిన ఏకశిల అదే. ఈసారి శిక్షకుల దగ్గర, వాళ్ళ తాళ్ళతోనే. మణికట్టు విరిగిన తమ్ముడు అందరికంటే ముందు పేరిచ్చాడు. నిన్న రాత్రి వాడి రూమ్‌కి వెళ్ళి షూస్ తిరగేసి చూశాను. కొత్తవి కొన్నాడు, అరికాలు గట్టిగా ఉంది. ఎడమ దాని లేసు మాత్రం మార్చాలి.